కరివేపాకు పురుగు గుండె

నేను ఎల్బీనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఈసీజీ తీస్తాను. చాలా ఏళ్లుగా అదే పని. వచ్చినవాళ్లను మంచం మీద పడుకోబెట్టి, ఛాతీ మీద జెల్లీ రాసి, రబ్బరు బల్బులు అంటించి, చేతులకూ కాళ్లకూ క్లిప్పులు పెట్టి, మిషన్ బటన్ నొక్కుతాను. గళ్ల కాగితం మీద గీత గీసుకుంటూ బయటికి వస్తుంది. ఆ గీతలో ఏముందో నేను చెప్పకూడదు, డాక్టరే చెప్పాలి. కానీ ఇన్నేళ్లు చూశాక, కాగితం చించేసరికే నాకు కొంత తెలిసిపోతుంది. అది మొహంలో కనపడనివ్వకపోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

మాది నల్లగొండ వైపు ఊరు. పెళ్లయిన కొత్తలోనే పట్నం వచ్చేశాం. కొత్తపేటలో ఒక ఇంట్లో పై పోర్షన్‌లో కిరాయికి ఉంటున్నాం. నా భార్య దిల్‌సుఖ్‌నగర్‌లో బ్లౌజులు కుట్టే షాపులో పని చేస్తుంది. మాకు ఒక్కతే కూతురు. ఎమ్మెస్సీ జువాలజీ చదివింది. నేను చెప్పేది ఆమె ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పటి సంగతి.

కింద ఇంటి ఓనరమ్మ ఉంటుంది. వాళ్లది గుంటూరు వైపు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది కాబట్టి మేమంతా టీచరమ్మ అంటాం. మా అమ్మాయి మాత్రం చిన్నప్పటి నుంచీ అమ్మమ్మా అనే పిలుస్తుంది. టీచరమ్మ భర్త పోయి చాలా కాలమైంది. కొడుకూ కోడలూ ఇద్దరూ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతారు. పొద్దున వెళ్లినవాళ్లు ఎప్పటికో వస్తారు. పగలంతా ఇంట్లో టీచరమ్మ ఒక్కతే. ఒక్కతే అని ఆమె ఎప్పుడూ దిగులుగా కూర్చోలేదు. మోటారు వెయ్యడం, డాబా మీద మొక్కలకు నీళ్లు పెట్టడం, కూరలబండి వాడితో గొడవ పడడం, ఇలా ఏదో ఒక పని పెట్టుకునేది.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా నా ముందు కూర్చుంది.

"డాడీ, పురుగు గుండె ఎట్ల కొలుస్తరో తెలుసా?"

"పురుగుకు గుండె ఉంటదా?" అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

"ఉంటది. మన లెక్క ముద్దలాగ ఉండదు. ఈపు మీద సన్న గొట్టం లెక్క ఉంటది, తోక కాడికెల్లి తలకాయ దాంక. అదే కొట్టుకుంటది."

ఎండ వేడి పెరిగితే చిన్న పురుగుల గుండె వేగం ఎలా మారుతుంది అన్నది ఆమె ప్రాజెక్టు. ఈ పనికి పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉందట. పురుగుకు మత్తు ఇచ్చి, మైనం పోసిన పళ్లెంలో వెల్లకిలా పెట్టి, పిన్నులు గుచ్చి, పొట్ట వైపు నుంచి కోసి, ఉప్పు నీళ్లు పోసి చూస్తారట. గుండె కాసేపు కొట్టుకుంటుంది. తర్వాత పురుగు చచ్చిపోతుంది.

"నేను కోయనన్న డాడీ. మా ప్రాజెక్టు మేడం ఏమన్నదంటే, కోయకుండ రీడింగ్ తెస్తే అంతకంటే కావాల్సిందేముంది, తీసుకురా అన్నది. రాకపోతే మాత్రం అందరి లెక్కనే చెయ్యాలె."

"పురుగుల మీద జాలా?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "జాలి కూడా ఉంది. కని అదొక్కటే కాదు. పిన్నులు గుచ్చినంక కొట్టుకునేది చచ్చిపోయే గుండె. దాన్ని కొలిచి, ఇగో పురుగు గుండె ఇంత వేగం అని రాస్తే అబద్ధం కదా? అది ఆకు తింటున్నప్పుడు, నిద్ర పోతున్నప్పుడు ఎట్ల కొట్టుకుంటదో నాకు అది కావాలె."

నాకు ఆ మాట నచ్చింది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది గుండె మంచం ఎక్కగానే దడదడలాడుతుంది. అందుకే నేను వెంటనే బటన్ నొక్కను. ఏ బస్సులో వచ్చారు, ఏం తిన్నారు అని మాట్లాడతాను. ఊపిరి నిదానించాకే తీస్తాను. పురుగును మాటల్లో ఎలా పెట్టాలో మాత్రం నాకు తెలియదు.

పురుగుల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. డాబా మీద సిమెంటు తొట్టిలో టీచరమ్మ కరివేపాకు చెట్టు ఉంది. వానాకాలం వస్తే దాని నిండా గొంగళి పురుగులే. చిన్నప్పుడు పిట్టరెట్టలా నల్లగా తెల్లగా ఉంటాయి. పెరిగాక ఆకుపచ్చగా, నున్నగా, చిటికెన వేలంత అవుతాయి. అవి సీతాకోకచిలుకలయ్యే జాతి. టీచరమ్మకు ఆ సంగతి తెలుసు, తెలిసినా వాటిని పుల్లతో ఏరి సబ్బు నీళ్ల డబ్బాలో వేసేది. మా అమ్మాయి పైకి వెళ్లేసరికి ఆమె డబ్బా పట్టుకుని చెట్టు దగ్గరే ఉంది.

"అమ్మమ్మా, ఆగు ఆగు. రెండు కొమ్మలు నాకు ఇడిచిపెట్టు."

"ఎందుకే? చెట్టంతా మేసేస్తున్నాయి. పోపులోకి నాలుగు రెబ్బలు మిగలనిచ్చేట్టు లేవు. నీ చుట్టాలా ఏవన్నా ఇవి?"

మా అమ్మాయి సంగతంతా చెప్పింది. టీచరమ్మ డబ్బా కింద పెట్టింది. "గుండె కొలుస్తావా? వీటికి? ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టడమేగా?" అంది. లెక్క అన్న మాట వినగానే ఆమె మొహం మారిపోయిందని మా అమ్మాయి తర్వాత చెప్పింది. "సరే, ఆ గోడవైపు కొమ్మలు నీవి. ఇవతలివి నావి. నీ పురుగులు నా వైపు వస్తే నేను ఊరుకోను."

మొదట చేసిన ప్రయత్నాలన్నీ వృథాగా పోయాయి. కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటరు ఒకటి మా ఇంట్లో ఉంది, వేలికి తగిలిస్తే నాడి చూపించేది. అది కూడా వేలిలోంచి వెలుగు పంపించే కదా చూసేది అని, మా అమ్మాయి ఆకుతో సహా పురుగును దాని మధ్య పెట్టి చూసింది. తెర మీద రెండు అడ్డగీతలు తప్ప ఏమీ రాలేదు. మన నెత్తురు ఎర్రన, పురుగు నెత్తురు ఎరుపు కాదు, ఆ యంత్రానికి అది తెలియదు, అని మా అమ్మాయి వివరించింది.

అప్పుడు నేను నా తెలివి చూపించాలనుకున్నాను. ఒక పురుగును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. మధ్యాహ్నం జనం లేని సమయం చూసి, దాన్ని మంచం మీద కాగితం పరిచి పెట్టి, ఈసీజీ క్లిప్పులకు సన్న రాగి తీగలు చుట్టి, తీగ కొసన చుక్కంత జెల్లీ పెట్టి దాని వీపుకు ఆనించాను. వెంటనే అది తల పైకెత్తి, మెడ దగ్గర నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీసింది. గదంతా ఒకలాంటి పుల్లటి ఘాటు వాసన. అప్పుడే లోపలికి వచ్చిన నర్సు "సార్, పాము!" అని అరుస్తూ బయటికి పరిగెత్తింది. మిషన్‌లోంచి వచ్చిన గీత పిచ్చి గీతలా ఉంది. అది గుండెది కాదు, పురుగు మెలికలు తిరగడం అంతా కాగితం మీదికి వచ్చింది. జెల్లీ దాని ఒంటికి అంటుకుపోతే తడి దూదితో మెల్లగా తుడిచి ఇంటికి తెచ్చాను. ఆ సాయంత్రం అది ఆకు ముట్టలేదు.

మా అమ్మాయి డబ్బాలోకి చూసి, "డాడీ, మీరు మీ పేషెంట్లకు గిట్లనే చేస్తరా?" అంది.

"మనుషులకు కొమ్ములు రావు బిడ్డా" అన్నాను. నా భార్య కుట్టుమిషన్ దగ్గర నుంచి నవ్వింది. అమ్మాయి కూడా నవ్వింది గానీ, పురుగు తెల్లారి మళ్లీ తినడం మొదలుపెట్టేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

చివరికి పని చేసింది చాలా మామూలు ఏర్పాటు. ఫోను కెమెరాకు తగిలించే చిన్న భూతద్దం ఒకటి కోఠీలో దొరికింది. మా అమ్మాయి పాత కిటికీ అద్దం ముక్కను రెండు ఇటుకల మీద పెట్టి, కింద నుంచి వేడి లేని చిన్న బల్బు వెలిగించింది. అద్దం మీద కరివేపాకు కొమ్మ. కొమ్మ మీద పురుగు. దాన్ని చేత్తో పట్టుకోవడం, తిప్పడం ఏమీ లేదు. అది ఎక్కడ ఆగితే ఫోను అక్కడికి జరపాలి. అది కదిలితే మళ్లీ మొదలు. ముట్టుకుంటే చాలు, దాని గుండె వేగం మారిపోతుందని ఆమె అప్పటికే గమనించింది. కొమ్మ అటూ ఇటూ ఊగినా మారుతుంది. అందుకని ఫోను అమర్చి, దూరంగా కూర్చుని, అది తన పాటికి తాను తినేదాకా చూసేది.

మొదటిసారి నన్ను పిలిచి చూపించింది. ఫోను తెర మీద పురుగు వీపు ఆకుపచ్చ గాజులా వెలుగుతోంది. దాని మధ్యలో పొడుగ్గా ఒక సన్నని చార. చూస్తూ ఉండగా ఆ చార తోక వైపు ముడుచుకుని, ఆ ముడుత మెల్లగా తల వైపు పాకింది. మళ్లీ తోక దగ్గర ఇంకొకటి. మళ్లీ ఇంకొకటి.

"అదేనా?"

"అదే."

నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. ఎన్ని వేల గుండెల గీతలు తీశానో నాకే తెలియదు. కానీ నేను చూసినవన్నీ గీతలే. కొట్టుకుంటున్న గుండెను కళ్లతో చూడడం అదే మొదలు. ఆ మాట మా అమ్మాయికి చెబితే ఆమె కుర్చీ నా వైపు జరిపింది.

అప్పటి నుంచి టీచరమ్మ కూడా మెట్లెక్కి పైకి రావడం మొదలుపెట్టింది. వీడియో పెట్టి, ఎన్నిసార్లు కొట్టుకుందో ముగ్గురం విడివిడిగా లెక్కపెట్టేవాళ్లం. ముగ్గురికి మూడు లెక్కలు వచ్చేవి. "ఒక్కసారి లెక్కపెట్టి వదిలేస్తే అది లెక్క అవదే పిల్లా, మళ్లీ పెట్టు" అని ఆమె వదిలేది కాదు. నీడలో ఉంచినప్పుడు ఒక వేగం, కొమ్మను గదిలో వెచ్చటి మూలకు జరిపాక ఒక వేగం. వేడి కాస్త పెరిగితే గుండె చురుగ్గా కొట్టుకునేది. అది ఇబ్బంది పడేదాకా ఎప్పుడూ ఉంచలేదు. పని అయ్యాక కొమ్మను మళ్లీ డాబా మీద నీడలో పెట్టేవాళ్లం. కొన్ని రోజులకు చూస్తే టీచరమ్మ సబ్బు నీళ్ల డబ్బాలో బట్టల క్లిప్పులు ఉన్నాయి. తన వైపు కొమ్మల మీద కూడా పురుగులు దర్జాగా తింటున్నాయి.

పురుగులు పెరిగి, ఒక్కొక్కటే తినడం మానేసి, కొమ్మకు సన్న దారం కట్టుకుని, కదలకుండా ప్యూపాలుగా మారాయి. సీతాకోకచిలుక అయ్యే ముందు పురుగు ఒక తొడుగులో ముడుచుకుని ఉండే దశ అది. బయటికి ఎండిన ఆకులా కనిపిస్తుంది. లోపల గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుందని మా అమ్మాయి చెప్పింది.

ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, టీచరమ్మతో కలిసి ఒక ప్యూపాను చూస్తూ కూర్చున్నాం. నా భార్య కూడా కుట్టు పక్కన పెట్టి వచ్చింది. ప్యూపా తొడుగు కాస్త పలచగా ఉన్న చోట లోపలి కదలిక వెలుగులో తెలుస్తోంది. మెల్లగా, ఒక లయలో కొట్టుకుంటోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

నేను తెర వైపు వంగాను. ఏ కదలికా లేదు. చాలాసేపు చూశాం. ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చిన మనుషులకు కూడా ఒకసారి ఈసీజీ తీయమంటారు. కాగితం మీద గీత తిన్నగా వస్తుంది. ఆ కాగితం చించి ఇవ్వడమే నా పనిలో నాకు అన్నింటికంటే కష్టం. ఇంట్లో, ఆదివారం పూట, ఒక పురుగు కోసం నాకు మళ్లీ అదే గుర్తొచ్చింది.

"అయిపోయినట్టుంది బిడ్డా" అన్నాను.

"ఆగండి డాడీ. జర ఓపిక పట్టండి. వీటికి గిది అలవాటే అని చదివిన."

ఇంకాసేపటికి చార కదిలింది. మొదట సన్నగా, తర్వాత బాగా. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. "చూడుండ్రి, ఇప్పుడు ఉల్టా పోతుంది!" అంది. నిజమే. ఇంతకుముందు తోక నుంచి తలకు పోయిన ముడుత, ఇప్పుడు తల నుంచి తోకకు పోతోంది. ఈ దశలో గుండె అలా దిశ మార్చుకుంటుందట. మధ్యలో ఆగి విశ్రాంతి తీసుకుంటుందట.

అందరం హమ్మయ్య అనుకుంటుండగా టీచరమ్మ మెల్లగా అంది: "నాకూ ఒక్కోసారి ఇలాగే ఆగుతుంది."

నా భార్య అటు తిరిగింది. "ఏందమ్మా ఆగేది?"

"గుండె. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగినట్టుంటుంది. కళ్ల ముందు చీకటి. మళ్లీ ధన్ మని ఒక దెబ్బ. తర్వాత మామూలే." ఆమె తెర వైపే చూస్తోంది. "దీనికీ అలవాటేనన్నావుగా. నాకూ అలవాటైపోయింది."

"అమ్మమ్మా, అది పురుగు! దాని నెత్తురు ఊపిరిని మోయదు. గుండె ఆగినా దానికి గాలి అందుతది. మనకట్ల కాదు" అంది మా అమ్మాయి.

నేను అడగాల్సినవి ఒక్కొక్కటే అడిగాను. ఎన్నాళ్ల నుంచి అంటే, ఎండాకాలం నుంచి అంది. పడిపోయారా అంటే ముందు లేదంది. తర్వాత, వంటింట్లో ఒకసారి పడ్డానని ఒప్పుకుంది. మోచేతికి కట్టు కట్టుకుని తిరిగినప్పుడు, నీళ్లలో కాలు జారిందని కొడుక్కీ మాకూ చెప్పింది. అది జారడం కాదన్నమాట.

"రేపే దవాఖానకు పోదాం అమ్మా. ఒక్క ఈసీజీ తీస్తే తెలుస్తది. నేనే ఉంట కదా" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "ఏవక్కర్లేదయ్యా. నేను రాను" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఎప్పుడూ అలా మధ్యలో లేచి పోయే మనిషి కాదు.

ఆ సాయంత్రం నా భార్య కిందికి వెళ్లి చాలాసేపు కూర్చుని వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"భయం కాదయ్యా ఆమెకు. సిగ్గు. ఆమె పెనిమిటి ఉన్నప్పుడు ఒకసారి ఎక్కడనో ఈసీజీ తీసిన్రంట. తీసెటాయన అడగకుండనే జాకెట్టు విప్పుమన్నడంట. తలుపు బార్లా తెరిచి ఉందంట, బయట లైన్ల మొగోళ్లు నిలబడ్డరంట. కొంగు కప్పుకోబోతే చెయ్యి తీసేసిండంట. ఇంటికొచ్చి ఏడ్చిందంట. సచ్చినా మల్ల ఆ మంచం ఎక్కనని ఒట్టు పెట్టుకుందంట."

నాకు కోపం వచ్చింది, ఆ ఎవరో తెలియని మనిషి మీద. నేనైతే తెర లాగుతాను, దుప్పటి ఇస్తాను, గోడ వైపు తిరిగి మాట్లాడతాను. అయినా నా మంచం మీద పడుకున్న ఆడవాళ్లు పైన ఫ్యాను వైపు చూస్తూ, చెయ్యి పిడికిలి బిగించి ఉండడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కొందరు కాగితం చేతికిచ్చేదాకా మాట్లాడరు. మా ఆసుపత్రిలో ఈ పని తెలిసిన ఆడమనిషి ఒక్కరూ లేరు. కావాలని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

తెల్లారి టీచరమ్మ మా అమ్మాయిని పిలిచి అంది: "ఆ పురుగుల్ని ముట్టుకోకుండానే చూస్తున్నావుగా. నన్నూ అలాగే చూడరాదుటే?"

"నీ గుండె ఎముకల ఎనక ఉంది అమ్మమ్మా, వెలుగు పోదు. ముట్టుకోవాల్సిందే. కని డాడీ కాదు, నేను ముట్టుకుంట. డాడీని తెర బయట నిలబెడదాం. నువ్వు సరే అన్నప్పుడే బటన్ నొక్కుతడు."

టీచరమ్మ, "నీకు వచ్చా ఆ పని?" అంది.

"రాదు. రెండు రోజులు టైమియ్యి. నేర్చుకుంట."

ఆ రెండు రోజులూ మా ఇంట్లో అదే పాఠం. నా భార్య లోపలి గదిలో మంచం మీద పడుకునేది. మా అమ్మాయి ఆమె పక్కన. నేను తలుపు ఇవతల నిలబడి చెప్పేవాణ్ని. "మెడ కింద ఎముక కాడికెల్లి పక్కటెముకల సందులు లెక్కపెట్టు. నాలుగో సందు. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి." లోపల నుంచి నా భార్య, "చక్కిలిగింతలు పెడుతుందయ్యా ఇది, గుండె ఏం కొలుస్తది!" అని నవ్వేది. బల్బులకు బదులు తన షాపు నుంచి తెచ్చిన బ్లౌజు గుండీలు పెట్టి నేర్చుకున్నారు. గుండీ జారితే మళ్లీ మొదటి నుంచి. చివరికి నేను చెప్పకుండానే మా అమ్మాయి అన్నీ సరిగ్గా పెట్టింది.

డాక్టరుగారిని అడిగాను. ఆయన పెద్దాయన, మంచివాడు. "నర్సును కూడా లోపల ఉంచు. అమ్మాయి పెట్టిన తర్వాత గీత సరిగా వచ్చిందో లేదో నేను చూస్తాను. చేద్దాం" అన్నాడు. టీచరమ్మ కొడుక్కి నేనే ఫోను చేసి చెప్పాను. అతను క్లాసు మధ్యలో వదిలేసి ఆటోలో వచ్చాడు. ఆసుపత్రి గుమ్మం దగ్గర తల్లి చెయ్యి పట్టుకుని, "కాలు జారిందన్నావు కదమ్మా" అన్నాడు, అంతే. ఆమె తల పక్కకు తిప్పుకుంది.

తలుపు మూసి, తెర లాగారు. నేను తెర ఇవతల మిషన్ దగ్గర నిలబడ్డాను. వైర్లు తెర కింద నుంచి లోపలికి పోయాయి. లోపల మా అమ్మాయి గొంతు వినపడుతోంది. "ఇక్కడ పెడుతున్న అమ్మమ్మా. చల్లగ ఉంటది. ఇది అయిపోంగనే దుప్పటి కప్పుత." తర్వాత టీచరమ్మ, "నీ చెయ్యి ఎందుకే అంత వణుకుతోంది? నేను కదా వణకాల్సింది" అనడం వినపడింది. నర్సు నవ్వింది. కాసేపటికి తెర వెనక నుంచే టీచరమ్మ పిలిచింది: "ఏవయ్యా, కానీయ్."

బటన్ నొక్కాను. కాగితం వచ్చింది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, అంతకు మించి తేడా ఏమీ లేదు. ఆగడం అందులో పడలేదు.

"చూశారా, ఏవీ లేదు" అంది టీచరమ్మ బయటికి వస్తూ. కొడుకు మొహం తేలికపడింది. నేను మాత్రం మా ప్యూపా గురించే ఆలోచిస్తున్నాను. అది ఆగడం చూడడానికి మేం ఎంతసేపు కూర్చోవాల్సి వచ్చిందో నాకు గుర్తుంది. డాక్టరుగారు కూడా అదే చెప్పాడు: కాసేపు తీసిన గీతలో దొరకదు, ఒక రోజంతా ఒంటికి కట్టి ఉంచే చిన్న పెట్టె ఉంది, అది పెట్టుకోవాలి. దాని వైర్లకుండే స్టిక్కర్లు కూడా మా అమ్మాయే అంటించింది. టీచరమ్మ ఆ పెట్టెను నడుముకు కట్టుకుని, పైన కొంగు కప్పుకుని, ఆ రోజంతా వంట చేసింది, కూరలబండి వాడితో గొడవ కూడా పడింది.

ఆ పెట్టెలో దొరికింది. ఒకసారి కాదు, చాలాసార్లు. కొన్నిచోట్ల గీత చాలా పొడుగున తిన్నగా ఉంది. ఈసారి మొహంలో కనపడనివ్వకుండా ఉండడం నా వల్ల కాలేదు. డాక్టరుగారు టీచరమ్మ కొడుకును కూర్చోబెట్టి చెప్పాడు. గుండెకు లయ అందించే లోపలి భాగం అలిసిపోయింది. చర్మం కింద పేస్‌మేకర్ పెడితే, గుండె ఆగబోయినప్పుడల్లా అది చిన్న కరెంటుతో తట్టి లేపుతుంది. ఆలస్యం చేయొద్దు. కొడుకు తల వంచుకుని విన్నాడు. బయటికి వచ్చాక నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆపరేషన్ వేరే పెద్ద ఆసుపత్రిలో జరిగింది. ముందు రోజు టీచరమ్మ అక్కడి డాక్టరును మొదట అడిగిన ప్రశ్న, లోపల ఆడవాళ్లు ఎవరుంటారు అని. నర్సమ్మలు ఉంటారని చెప్పి, వాళ్లను పిలిచి చూపించారు. ఆపరేషన్ రోజు నా భార్య షాపుకు సెలవు పెట్టి బయట బెంచీ మీద కూర్చుని బైబిలు చదువుకుంది. టీచరమ్మ కోడలు పక్కనే కూర్చుని లలితా సహస్రనామం చదువుకుంది. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో టీ తాగారు. మధ్యాహ్నానికి అంతా బాగానే ఉందని చెప్పారు.

ఆ వారంలోనే ప్యూపాలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నల్లటి రెక్కల మీద తెల్ల మచ్చల వరుస. మా అమ్మాయి వాటిని డాబా మీద వదిలేసింది. ఒకదాంట్లోంచి మాత్రం సీతాకోకచిలుక రాలేదు. పక్కన చిన్న రంధ్రం చేసుకుని సన్నని కందిరీగ బయటికొచ్చింది. పురుగుగా ఉన్నప్పుడే ఏ కందిరీగో దానిలో గుడ్డు పెట్టి ఉంటుందట. మా అమ్మాయి దానికి కాస్త బాధపడింది. అది కూడా తన రిపోర్టులో రాసింది. వాళ్ల మేడం వీడియోలన్నీ చూసి, తేడా వచ్చిన కొన్ని రీడింగులు తీసెయ్యమని, మిగతావి బాగున్నాయని చెప్పింది. ఆ ప్యూపా గుండె ఆగి మళ్లీ మొదలయ్యే వీడియోను మాత్రం కింది తరగతి పిల్లలకు చూపిస్తానని తన ఫోనులో వేసుకుందట.

ఇంట్లో ఒక పని మొదలైంది. టీచరమ్మ మెత్తబడిన నూలు చీరలు నాలుగు తెచ్చి నా భార్యకు ఇచ్చింది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, ఆడవాళ్లు ఈసీజీకి వేసుకునే చొక్కా ఒకటి కనిపెట్టారు. ముందు వైపు రెండు పొరలు, పక్కన ముడులు. బల్బు పెట్టాల్సిన చోట మాత్రమే పొర కాస్త జరుగుతుంది, మిగతాదంతా కప్పి ఉంటుంది. మొదటిది చంకల దగ్గర బిగుతైంది. రెండోది కుదిరింది. నేను తీసుకెళ్లి డాక్టరుగారికి చూపిస్తే ఇంకొన్ని కుట్టించమన్నాడు. పాము అని అరుస్తూ పరిగెత్తిన ఆ నర్సే ఇప్పుడు బల్బులూ క్లిప్పులూ పెట్టడం నేర్చుకుంది. ఆడవాళ్లు వస్తే ఆమె లోపల ఉంటుంది, నేను తెర బయట ఉంటాను. మొదట్లో ఆమె ఐదో సందుకూ ఆరో సందుకూ తడబడేది. ఇప్పుడు నన్ను పిలవడం మానేసింది.

పేస్‌మేకర్ చెకప్‌కు టీచరమ్మతో నేనే వెళ్లాను. కొడుక్కి ఆ రోజు పరీక్షల క్లాసు. ఆమెకు మెట్రో ఎక్కాలని సరదా, అప్పటిదాకా ఎక్కలేదు. స్టేషన్‌లో ఒంటి మీద లోహం ఉంటే మోగే తనిఖీ గేటు దగ్గర ఆమె ఆగి, పర్సులోంచి ఆసుపత్రి వాళ్లిచ్చిన కార్డు తీసి, అక్కడున్న గార్డు అమ్మాయికి చూపించింది.

"నా ఒంట్లో మిషన్ ఉందమ్మా. నేను ఆ గేట్లోంచి రాకూడదుట."

ఆ అమ్మాయి కార్డు చదివి, "పక్కకెల్లి రా అమ్మా, నేను చేత్తోనే చూస్త. ఏం భయంలే" అని, మెల్లగా భుజం మీద చెయ్యి వేసి అటు నడిపించింది. టీచరమ్మకు అది బాగా నచ్చింది. రైలులో సీటు దొరికింది. దిల్‌సుఖ్‌నగర్ దాటుతుంటే కిటికీలోంచి కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ చదువుతూ, కొడుకు పని చేసేది ఏదో నాకు చూపించింది. తర్వాత నా వైపు వంగి, "తిరుగు రైల్లో కూడా అదే గేటుకి పోదామయ్యా, ఆ పిల్ల బాగా మాట్లాడింది" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎక్కేది వేరే స్టేషన్‌లో కదా అమ్మా అని చెప్పాను. అయితే అక్కడెవరుంటారో చూద్దాం అని, కార్డును పర్సులో పెట్టకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.